ట్యాంకు వెనక చిల్లుల కుండీ

నేను ఒక చిల్లుల కుండీని. మట్టిదాన్ని. ఈ చిల్లులు వాడకంలో పడినవి కావు, పుట్టుకతోనే ఉన్నవి. నాలో నీళ్ళు పోస్తే చుక్క నిలవదు. బియ్యం పోస్తే నేలపాలు. పచ్చడికీ పనికిరాను, పెరుగుకీ పనికిరాను. అయినా నేను దేనికి పుట్టానో ఆ పని నాకంటే గట్టిగా చేసిన కుండీ ఈ విశాఖపట్నంలో ఇంకోటి లేదని నా నమ్మకం. గర్వమనుకుంటే అనుకోండి. ఇన్నేళ్ళు ఒకే మొక్కను పట్టుకుని కూర్చున్నదాన్ని, ఆ మాత్రం లేకపోతే ఎలా?

నన్ను చేసినవాడు సింహాచలం కొండకి అవతల ఉండే కుమ్మరి సన్నెయ్య. ఒకరోజు రైల్వే గార్డు దివాకరం గారు వాళ్ళ వాకిట్లోకి వచ్చి, దుమ్ములో వేలితో బొమ్మ గీసి, చుట్టూ చిల్లులుండే కుండీ కావాలన్నారు. సన్నెయ్య ఆ బొమ్మని అటు తిరిగి చూశాడు, ఇటు తిరిగి చూశాడు.

"ఏటి బావూ, కుండకి బొక్కలేటి? నీలు నిలవద్దా?"

"నిలవకూడదు సన్నెయ్యా. గాలి ఆడాలి."

సన్నెయ్య భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి, చిల్లుల కుండలో ఏం వండుతారో చెప్పమని దివాకరం గారిని ఆటపట్టించారు. అయినా సన్నెయ్య చేశాడు. పచ్చి మట్టి మీద వెదురు పుల్లతో ఓపిగ్గా పొడిచాడు. కుండలు కాల్చే ఆవంలోంచి బయటికి తీశాక మెటికతో నన్ను కొట్టి చూశాడు. కంగుమన్నాను. "బొక్కలున్నా గట్టిదే," అన్నాడు. నా గురించి ఎవరైనా అన్న మొదటి మంచిమాట అది. ఇప్పటికీ మర్చిపోలేదు.

దివాకరం గారిది కొండలమీదికి పోయే గూడ్సు బండి. లైను ఇవ్వలేదని ఏదో చిన్న స్టేషనులో బండి గంటలకొద్దీ నిలబడిపోతే, మిగతావాళ్ళు కునుకు తీసేవారు, ఈయన చెట్లు చూస్తూ తిరిగేవారు. అలా తిరుగుతూ ఒక వానాకాలం విరిగిపడిన కొమ్మ మీద ఒక మొక్కను చూశారు. పశువులు కాసేవాళ్ళు దాన్ని బదనిక అన్నారట. ఆర్కిడ్లు పెంచేవాళ్ళు వాండా అంటారు. చెట్టు రక్తం పీల్చేస్తుందని దాని మీద అపవాదు. పాపం, అది పీల్చేది గాలినీ వాననీ. చెట్టును ఊరికే పట్టుకుని ఉంటుంది. ఆ పట్టుకోవడానికే నన్ను చేయించారు. నాలో బొగ్గులూ ఇటుక ముక్కలూ వేసి, దాన్ని నిలబెట్టి, వాల్తేరులో తన క్వార్టర్సు వరండాలో ఇనప తీగతో వేలాడదీశారు.

మొదట్లో దాని వేళ్ళు నన్ను నమ్మలేదు. గాలిలోకి చాచుకుని ఊరికే ఊగాయి. నేను తొందరపెట్టలేదు. వాన పడినప్పుడు కాస్త తడి దాచుకుని మెల్లగా ఇచ్చాను. ఒకనాడు ఒక వేరు కొస నా చిల్లులోంచి బయటికొచ్చి, నా ఒంటిని తాకి, అక్కడే అతుక్కుపోయింది. చక్కిలిగింత పెట్టినట్టయింది. ఇక అది వదలదని నాకు అర్థమైంది. నేనూ వదలకూడదని ఆ రోజే అనుకున్నాను.

వేసవి మొదట్లో పూసింది. పువ్వు చూస్తే మీరు పెదవి విరుస్తారు. రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది, పసుపూ గోధుమా కలిసిన రంగు, మీద వలలాంటి గీతలు, కిందిపెదవి మాత్రం నీలం. కానీ వాసనో! ముగ్గిన ద్రాక్షపళ్ళలో ఎవరో దాల్చినచెక్క కలిపినట్టుండేది. పక్క క్వార్టర్సు ఆవిడ గోడ మీంచి తొంగిచూసి ఏం వండుతున్నారని అడిగింది. దివాకరం గారు ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నారు.

ఆ కాలంలో ఆర్కిడ్లు పెంచేవాళ్ళ మోజు వేరు. పువ్వు పెద్దదా చిన్నదా అని ఎవరూ అడిగేవారు కాదు. ఏ కొండదని అడిగేవారు. ఎంత ఎక్కడానికి కష్టమైన కొండదైతే అంత గొప్ప. ఆదివారం పూట దివాకరం గారి సాటి పిచ్చివాళ్ళు వరండాలో చేరి, టీ తాగుతూ, కొండల పేర్లు చెప్పుకుని మురిసిపోయేవారు. ఒక్కొక్కరూ అక్కణ్ణించి మొక్కల్ని గోనెసంచులతో దింపుకొచ్చినవాళ్ళే. దివాకరం గారూ తక్కువేం కాదు. కింద పడినవే తీసుకునే మనిషి కాస్తా, కొన్నాళ్ళకి కొమ్మలు నరికించి తెచ్చేదాకా వచ్చారు. తెచ్చినవాటిలో సగం వరండాలోనే ఎండిపోయేవి. అడవి ఏమనుకుందో ఎవరికీ పట్టలేదు. నాకా నోరు లేదు.

రిటైరయ్యాక ఆయన క్వార్టర్సు ఖాళీ చేయాల్సి వచ్చింది. దొరికిన అద్దె వాటాకి వరండా లేదు, ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకి ఎదురుగా ఉంది. మొక్కలన్నీ తెలిసినవాళ్ళకి పంచేశారు. చివరికి నన్ను సీతమ్మధారలో ఉండే రత్నమాల గారికిచ్చారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగి, ఆయన దగ్గర మొక్కల పని నేర్చుకున్న మనిషి, పెద్ద డాబా ఉన్న మనిషి.

"మిగతావి బతికినా చచ్చినా నాకు బెంగలేదమ్మా," అన్నారాయన, నా అంచు తుడుస్తూ. "ఇది పూసినప్పుడు మాత్రం కబురు పెట్టండి. వచ్చి వాసన చూసి పోతాను."

"తప్పకుండా పెడతానండీ," అని ఆవిడ నా మీద చెయ్యి వేసి మరీ చెప్పింది.

మాట నిలబెట్టుకుంది కూడా, కొన్నేళ్ళు. పువ్వు విచ్చుకున్న రోజు ఫోను వెళ్ళేది. మర్నాడు ఆయన బస్సెక్కి వచ్చి, నా పక్కన స్టూలు వేసుకుని, వాసన చూస్తూ కాసేపు కూర్చుని, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. ఆ కాసేపటి కోసం ఏడాదంతా ఎదురుచూసేవారని ఆయన నడకలోనే తెలిసేది. నాకూ ఆ రోజు పండగే.

తర్వాత ఊళ్ళో ఆర్కిడ్ సంఘం పెట్టారు. సంఘం పెడితే పోటీలుంటాయి, పోటీలుంటే కొలతలుంటాయి. పై దేశాలనుంచి వచ్చిన కాట్లియాల మీద అందరికీ మోజు పుట్టింది. అరచేయంత పువ్వులు, అంచులకి కుచ్చిళ్ళు. న్యాయనిర్ణేతలు అట్టముక్కను గుండ్రంగా కత్తిరించి తెచ్చి, పువ్వు వెనక పెట్టి చూసేవారు. అట్ట కనబడకూడదు. అంటే రేకల మధ్య సందు ఉండకూడదు, పువ్వు చపాతీలా నిండుగా ఉండాలి. నా వాండాని ఒకసారి ఆ బల్ల మీద పెడితే, అట్ట మొత్తం కనబడుతోందని నవ్వారు. వాసన చూడమని రత్నమాల నెమ్మదిగా అంది. వాసనకి మార్కుల్లేవన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఆవిడకి మాత్రం సిగ్గనిపించినట్టుంది, ఇంటికి తెచ్చి నన్ను వెనక వరసలో వేలాడదీసింది.

కాట్లియాల ముచ్చట తీరేసరికి డెండ్రోబియంలు వచ్చాయి. ఇప్పుడు గుండ్రంతో పనిలేదు, కాడకి ఎన్ని పూలన్నదే లెక్క. సంఘం సమావేశంలో వేలు పెట్టి లెక్కపెట్టుకునేవారు. నిన్నటిదాకా ప్రాణంలా చూసుకున్న కాట్లియాలు మెట్ల కింద చేరాయి. నాలో మొక్క అప్పటికి పొడుగ్గా సాగి, కింది ఆకులన్నీ రాల్చేసుకుని, పైన మాత్రం పచ్చగా ఉంది. వీధిలోంచి చూసేవాళ్ళకి ఎండుకట్టె నెత్తిన జుట్టు పెట్టినట్టుందని ఎవరో అన్నారు. కొస కోసి వేరే కుండీలో పెడితే ముచ్చటగా ఉంటుందని సంఘంలోవాళ్ళు సలహా ఇచ్చారు. సలహా తప్పేం కాదు. ఆ తర్వాత చేసిందే తప్పు.

ఆవిడ కొస కోసి, కొత్త ప్లాస్టిక్ కుండీలో పెట్టి, చుట్టూ కొబ్బరిపీచు కూరి కూరి దట్టించింది. పాపం మొక్క నీరసించిందేమోనని పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసింది. గాలికి బతికేదానికి గాలి లేకుండా చేసి, ప్రేమతో ముంచేసింది. ఆర్కిడ్లు పెంచేవాళ్ళు మొక్కను నిర్లక్ష్యంతో చంపడం నేను పెద్దగా చూడలేదు. వాళ్ళు చంపేది ముద్దుతోనే. శ్రావణమాసం జల్లులకి ఆ కొస నల్లబడి, మెత్తబడి, చేతిలోకి ఊడి వచ్చింది.

ఆకులున్నదే మొక్క అని ఆవిడ లెక్క. నాలో మిగిలిన మోడు ఆవిడ దృష్టిలో కట్టెపుల్ల. తీగ విప్పి నన్ను దించి, నీళ్ళ ట్యాంకు వెనక మూలకి నెట్టేసింది. విసిరి కొట్టలేదు, అంతవరకు నయం. అటు మళ్ళీ చూడలేదు.

ఆ మోడు చావలేదని నాకొక్కదానికే తెలుసు. దాని వేళ్ళు నన్ను పట్టుకునే ఉన్నాయి. ఆ చీకటి మూలలో దానికి నేను తప్ప దిక్కులేదు. ట్యాంకు సిమెంటు పగులులోంచి నీటిచుక్క కారి నా అంచు మీద పడేది. ఆ చుక్కని నేను పీల్చుకునేదాన్ని, పీల్చుకున్నది వేళ్ళకిచ్చేదాన్ని. చుక్క తక్కువైన వేసవిలో నా లోపలి తడంతా పిండి ఇచ్చాను. ఎండకి ఒకసారి, చలికి ఒకసారి నా ఒంట్లో సన్నని బీటలు పాకాయి. పగలకూడదు, పగిలితే దీని పని అయిపోతుందనుకుంటూ బిగబట్టుకున్నాను. కొన్నాళ్ళకి మోడు పక్కనుంచి గోరంత పిలక వచ్చింది. తర్వాత ఇంకోటి. ఎండ లేదు కాబట్టి పువ్వు లేదు, అంతే. బతుకు మాత్రం ఉంది.

వేసవి మొదట్లో దివాకరం గారి ఫోను వచ్చేది. ఆవిడ డాబా మీద మొక్కలకి నీళ్ళు పెడుతూ మాట్లాడేది కాబట్టి నాకు వినబడేది. "ఈ ఏడు ఇంకా మొగ్గ వేయలేదండీ," అనేది. మరుసటి ఏడూ అదే మాట. నిజానికి ఆ మాటలో అబద్ధం లేదు, కానీ ఆవిడ చెప్పేది అబద్ధమనే అనుకుంటోంది. ఫోను పెట్టేశాక మొహం కడుక్కునేది. చచ్చిపోయిందని ఆయనకి చెప్పలేకపోతోంది. చావలేదని నేను ఆవిడకి చెప్పలేకపోతున్నాను. ఇంతకంటే నరకం ఉంటుందా చెప్పండి.

డాబా మీద కాలం మాత్రం ఆగలేదు. ఫాలెనాప్సిస్‌లు వచ్చాయి. ఆ పేరు నోరు తిరిగేలోపే అవి సగం చచ్చాయి, మన ఉక్కపోతకి. మళ్ళీ తెచ్చుకున్నారు. తర్వాత బుల్లి ఆర్కిడ్లు. గాజుపెట్టెలో లైట్లూ ఫ్యానూ పెట్టి, ఆవగింజంత పువ్వుని భూతద్దంలోంచి చూసి ఆహా అనుకునేవారు. ఒకప్పుడు చపాతీ అంత లేకపోతే పువ్వే కాదన్నది వీళ్ళే. ప్రతి మోజు మొదట్లోనూ, ఇన్నాళ్ళకి అసలైన అందం తెలిసిందని చెప్పుకునేవారు. ట్యాంకు వెనక కూర్చుని అన్నీ విన్నాను. నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఇంతలో గాలి మళ్ళీ తిరిగింది. సంఘానికి తారకేశ్ అని కొత్త కార్యదర్శి వచ్చాడు, కుర్రవాడు, చురుకైనవాడు. మన కొండల ఆర్కిడ్లే పెంచాలి, అదీ అడవి నుంచి తేకుండా, ఉన్నవాటి పిలకలతోనే పెంచాలి, వాసనకీ మార్కులుండాలి అన్నాడు. అందరూ ఔనన్నారు. తమకి మొదటినుంచీ అదే అభిప్రాయమన్నారు. పాతతరం మనిషిని పిలిచి సన్మానం చేద్దామని దివాకరం గారి దగ్గరికి వెళ్ళారు. శాలువా వద్దు, రత్నమాల గారి దగ్గరున్న వాండాని ఒకసారి చూపిస్తే చాలన్నారట ఆయన.

ఆ సంగతి చెప్పడానికి తారకేశ్ డాబా మీదికొచ్చినప్పుడు ఆవిడ నీళ్ళ గొట్టం వదిలేసింది. అలాగే తెస్తానంది. అతను వెళ్ళాక గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. నర్సరీలో అలాంటి వాండా ఒకటి దొరుకుతుందేమో, దాన్నే చూపిస్తే ఆయన కళ్ళకి తేడా తెలుస్తుందా అని ఎవరితోనో ఫోనులో అడగడం విన్నాను. ఇన్నేళ్ళు బిగబట్టుకున్నది ఇందుకా?

అయితే అప్పటికే ఒక మేలు జరిగింది. అంతకు ముందటి ఏడు, కారే ట్యాంకుతో విసిగిపోయి ఆవిడ దాన్ని కొట్టించేసి, డాబాకి అటు చివర ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించింది. పనివాళ్ళు నన్ను ఆవిడ కంటపడకుండా సిమెంటు పెళ్ళల మధ్య అలాగే వదిలేశారు. చుక్క పోయింది, ఎండ వచ్చింది. తడికి మంచుతోనూ వానతోనూ సరిపెట్టుకున్నాం. పిలకలు ఒక్క ఏడాదిలో దిట్టంగా తయారయ్యాయి. ఈ వేసవిలో ఒకదానికి పూలకాడ వచ్చింది, మొగ్గ విచ్చింది.

నర్సరీకి బయల్దేరబోయే ముందు పొద్దున్నే ఆవిడ మొక్కలకి నీళ్ళు పెట్టడానికి వచ్చింది. గొట్టం పట్టుకుని నడుస్తున్నదల్లా ఆగింది. తల తిప్పింది. ఇంకో రెండు అడుగులు వేసి మళ్ళీ ఆగింది. గాజుపెట్టెల దగ్గర చూసింది, కాదు. పక్కింటి వంటింటివైపు చూసింది, కాదు. పెళ్ళలు పక్కకి తీస్తూ తీస్తూ నా ముందు మోకాళ్ళ మీద కూలబడింది. గోధుమరంగు పువ్వులో మొహం పెట్టి, ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది. నేనూ ఏడ్చేదాన్నే, నాలో తడి లేదు.

సమావేశానికి నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళింది. హాలు నిండా జనం. దివాకరం గారు ముందు కుర్చీలో ఉన్నారు, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని. బాగా వంగిపోయారు. నన్ను బల్ల మీద పెట్టగానే ఆయన ముక్కుపుటాలు కదిలాయి. లేచి రాబోతుంటే ఇద్దరు పట్టుకున్నారు. వచ్చి, పువ్వుకి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకున్నారు.

తర్వాత నా వైపు చూశారు. మెటికతో కొట్టారు, ఆ రోజు సన్నెయ్య కొట్టినట్టే. కంగుమనాలని నేను ఎంత ప్రయత్నించానో. బొదబొదమన్నాను.

"కుండీ అయిపోయిందమ్మా," అన్నారు. "నిలువునా బీటలు. లోపల బొగ్గంతా పొడైపోయింది. ఇందులోనే ఉంచితే ఈ వానలకి వేళ్ళు కుళ్ళిపోతాయి."

తారకేశ్ మొక్కలు వేలాడదీసే టేకు చెక్కల బుట్ట ఒకటి తెచ్చి, మొక్కని నాలోంచి లాగబోయాడు. వేళ్ళు కిర్రుమన్నాయి. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. లాగితే వేళ్ళు ఊడతాయి, కుండీనే పగలగొట్టాలి, వేళ్ళకి అతుక్కున్న పెంకుల జోలికి మాత్రం పోవద్దని చెప్పి, చిన్న సుత్తిని రత్నమాల చేతిలో పెట్టారు.

ఆవిడ సుత్తి పట్టుకుని ఆయనవైపు తిరిగింది.

"దివాకరం గారూ, ఇది చచ్చిపోయిందనుకున్నానండీ," అంది, అందరిముందూ. "కొస కుళ్ళబెట్టి, మిగిలినదాన్ని ట్యాంకు వెనక పడేశాను. మొగ్గ వేయలేదని ఏటేటా మీకు అబద్ధం చెప్పాను."

ఆయన చేతికర్రని బల్లకి ఆనించారు.

"నేను దీని తోటివాటిని కొమ్మలు నరికించి మరీ తెచ్చి ఎండబెట్టినవాణ్ణి. ఆ కొండమీద ఇప్పుడు ఒక్కటి లేదట. మిమ్మల్ని ఏటంటానమ్మా?" అన్నారు. "పూస్తే కబురు పెట్టమన్నాను. పెట్టారు కదా. కొట్టండి," అన్నారు.

నాకు అంతవరకూ భయంగానే ఉంది. పగలకూడదనే కదా ఇన్నాళ్ళూ నా పంతం. కానీ ఆ పంతం ఎవరికోసమో ఆ క్షణంలో గుర్తొచ్చింది. నా కోసం కాదు. సుత్తి పైకి లేచినప్పుడు నేను బిగబట్టుకోలేదు. సన్నెయ్య పుల్లతో పొడిచిన చిల్లుల వెంట, చిల్లు నుంచి చిల్లుకి, శుభ్రంగా విడిపోయాను. ఒక్క వేరు తెగలేదు.

ఇప్పుడు నేను రత్నమాల డాబా మీద టేకు బుట్టలో ఉన్నాను, పెంకులుగా. నా అడుగు భాగం చెత్తలోకి పోయింది, అంచు పోయింది. వేళ్ళు పట్టుకున్న ముక్కలు మాత్రం పట్టుకున్నచోటే ఉన్నాయి. గాలికి బుట్ట ఊగితే నేనూ ఊగుతాను. ఇన్నాళ్ళూ ఈ మొక్కని నేను పట్టుకుని ఉన్నాననుకున్నాను. ఇప్పుడు చూస్తే ఇదే నన్ను వదలడం లేదు.

రెండో పిలకని తారకేశ్ తీసుకెళ్ళాడు, దాని పిల్లలు వస్తే కొండమీద చెట్లకి కట్టిస్తానని. మొన్న వచ్చి, ఈమధ్య అందరూ పూలు మానేసి ఆకుల మీద చారలున్న ఆర్కిడ్ల కోసం ఎగబడుతున్నారని చెప్పాడు. రత్నమాల విని, అలాగా అని, నా మీద కాసిని నీళ్ళు చల్లి తన పనిలో పడింది. ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు తిరగనివ్వండి వీళ్ళ మోజు. నేను ఇక్కడే ఉంటాను.

నిన్న ఈ ఏటి మొదటి పువ్వు విచ్చింది. సాయంత్రం ఫోను వెళ్ళింది. ఇప్పుడు మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినబడుతోంది. ఆయన మెట్టు మెట్టుకీ ఆగుతున్నారు, కానీ ఎక్కుతున్నారు. రత్నమాల స్టూలు తెచ్చి నా పక్కన వేసింది.